ఓడ ఎవరిదని మాత్రమే అడిగారు

ప్రైవేటీర్ల గురించి ఎవరు చెప్పినా దాదాపు ఒకే కథ చెబుతారు. రాజు రాసిచ్చిన కాగితం జేబులో ఉంటే వీరుడు, లేకపోతే సముద్రపు దొంగ. చేసే పని ఒకటే, ఫిరంగులు ఒకటే, తేడా అంతా ఆ కాగితంలోనే ఉందంటారు. ఆ తేడా ఎంత పలచనిదో చూడండి అని ఆశ్చర్యపోయి అక్కడితో ఆపేస్తారు. పదిహేడో శతాబ్దపు అట్లాంటిక్ చరిత్ర చదివే కొద్దీ నాకు ఈ కథ మీద కోపం పెరుగుతూ వచ్చింది. అందులో ఇద్దరే మనుషులుంటారు, దోచుకున్నవాడూ దోపిడీకి గురైనవాడూ. పట్టుబడిన ఆ ఓడల్లో కొన్నింటి అడుగు అరల్లో సంకెళ్లతో వందల మంది ఉన్నారు. ఓడ చేతులు మారిన రోజున వాళ్లకేమైందన్న ప్రశ్న ఈ కథలో ఎక్కడా రాదు.

అది పొరపాటున జారిపోయిన ప్రశ్న అని నేననుకోను. ఆ ప్రశ్న రాకుండా ఉండేలాగే ఓడల జప్తు చట్టం తయారైంది. ఇంగ్లండ్, హాలండ్ లాంటి దేశాలు బానిస వ్యాపారంలోకి దిగిన దారుల్లో ఓడల జప్తు ముఖ్యమైనది. ఆ దారిని చదును చేసింది దొంగతనం కన్నా ఎక్కువగా చట్టమే. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఆ కాగితం సంగతి. దాన్ని లెటర్ ఆఫ్ మార్క్ అనేవాళ్లు. యుద్ధంలో ఉన్న రాజుకు సొంత నౌకాదళం చాలదు. అందుకని శత్రువుల ఓడలు పట్టుకునే అనుమతిని ప్రైవేటు ఓడల యజమానులకు రాసిస్తాడు. ఖర్చంతా యజమానిదే. దొరికిన ఓడను రేవుకు తెచ్చి కోర్టు ముందు పెట్టాలి. ఇది నిజంగా శత్రువుదే, పట్టుకున్నవాడి దగ్గర సరైన పత్రం ఉంది అని కోర్టు తేలిస్తే ఓడనీ సరుకునీ అమ్మి వాటాలు పంచుతారు. రాజుకింత, యజమానికింత, కెప్టెనుకూ నావికులకూ ఇంత. కోర్టు విచారించేది రెండు సంగతులే: సొత్తు ఎవరిది, కాగితం ఎవరిచ్చారు. పంటి నొప్పితో మూలుగుతున్న మనిషైనా, పాలు తాగే పిల్లయినా ఆ లెక్కలో సొత్తులోకే వస్తారు.

ఇప్పుడు ఒక ఓడ గురించి వివరంగా చెబుతాను. 1619లో ఆఫ్రికా పడమటి తీరంలో, ఇప్పటి అంగోలాలోని లువాండా నుంచి సావో జోవావ్ బప్తిస్తా అనే పోర్చుగీసు ఓడ బయల్దేరింది. కెప్టెన్ పేరు మాన్యుయెల్ మెండెస్ ద కున్యా. అందులో ఎక్కించినవాళ్లు 350 మంది. చేరాల్సింది మెక్సికో తీరంలోని వెరాక్రూజ్. అప్పుడు పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు పాలనలోనే ఉంది. స్పెయిన్ వలసలకు బానిసలను సరఫరా చేసే కాంట్రాక్టు పోర్చుగీసు వ్యాపారుల చేతిలో ఉంది.

ఆ 350 మంది ఎక్కడివాళ్లు? లువాండాకు తూర్పున అంబుందు ప్రజల రాజ్యం ఎన్డోంగో. 1617లో పోర్చుగీసు గవర్నరుగా వచ్చిన లూయిస్ మెండెస్ ద వాస్కొన్సెలోస్, ఇంబంగాలా అనే కిరాయి యోధుల ముఠాలతో చేతులు కలిపి ఆ రాజ్యం మీద పడ్డాడు. రాజధాని కబాసాను దోచి కాల్చేశారు. వేల మందిని పట్టుకుని తీరానికి నడిపించారు. సావో జోవావ్ బప్తిస్తాలో ఎక్కినవాళ్లలో చాలామంది ఈ యుద్ధాల్లో చిక్కినవాళ్లే అయ్యుంటారని చరిత్రకారుల అంచనా. పొలాలు, సంతలు, ఊళ్లు, దాయాదులు, గొడవలు అన్నీ ఉన్న మామూలు జనం. ఓడ ఎక్కించే ముందు బాప్టిజం ఇచ్చి ఆంటోనియో, ఇసాబెల్, ఏంజెలా లాంటి పోర్చుగీసు పేర్లు పెట్టడం లువాండాలో ఆనవాయితీ.

సముద్రం మీద జబ్బులు మొదలయ్యాయి. కెప్టెన్ జమైకాలో ఆగి 24 మంది పిల్లల్ని అమ్మి ఓడకు కావలసినవి కొన్నాడు. తర్వాత మెక్సికో దగ్గర కంపెచే అఖాతంలో రెండు ఇంగ్లీషు ఓడలు అతని మీద పడ్డాయి. వాళ్లు తీసుకుపోగా మిగిలినవాళ్లతో అతను వెరాక్రూజ్ చేరి, 147 మందిని అప్పగించినట్టు లెక్క రాయించాడు. ఇంగ్లీషువాళ్లు తీసుకుపోయింది 50, 60 మందిని అనుకుంటే, జమైకాలో అమ్మిన పిల్లల్ని కూడా కలుపుకుంటే, ఇంకా వంద మందికి పైగా లెక్కకు రారు. వాళ్లు దారిలో చనిపోయారు.

ఈ వివరాలు మనకెలా తెలిశాయో కూడా చెప్పాలి. ఎవరో జాలిపడి రాసిపెట్టలేదు. వెరాక్రూజ్‌లో దిగిన ఒక్కొక్క మనిషి మీదా స్పెయిన్ రాజుకు పన్ను రావాలి. 350 మంది బయల్దేరితే 147 మందే ఎందుకు వచ్చారో కెప్టెన్ సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ పన్ను లెక్కలు స్పెయిన్‌లోని సెవిల్ నగరపు ప్రభుత్వ భాండాగారంలో భద్రంగా ఉండిపోయాయి. 1990ల్లో ఒక చరిత్రకారుడు వాటిని చూసి, అమెరికా చరిత్రలో అప్పటిదాకా తల్లిదండ్రులు లేని వాక్యంలా మిగిలిన ఒక ఉత్తరంతో కలిపాడు. రెండు కాగితాలూ ఒకే దాడి గురించి మాట్లాడుతున్నాయని అప్పుడే తేలింది.

ఆ ఉత్తరం రాసింది జాన్ రాల్ఫ్. వర్జీనియా ఆదివాసీ నాయకుడి కూతురు పోకాహోంటాస్ భర్తగా చాలామందికి తెలిసిన పేరే. 1619 ఆగస్టు చివర్లో వర్జీనియా తీరంలోని పాయింట్ కంఫర్ట్‌కు జోప్ అనే కెప్టెన్ నడుపుతున్న 160 టన్నుల డచ్చి యుద్ధనౌక వచ్చిందని, "ఇరవై చిల్లర నీగ్రోలు" తప్ప మరేమీ తేలేదని, వాళ్లను గవర్నరూ సరుకుల అధికారీ తిండి సామగ్రి ఇచ్చి కొన్నారని లండన్‌లోని వర్జీనియా కంపెనీ పెద్ద ఎడ్విన్ శాండిస్‌కు రాల్ఫ్ రాశాడు. గవర్నర్ పేరు జార్జ్ యార్డ్‌లీ, అధికారి పేరు అబ్రహామ్ పియర్సీ. ఇంగ్లీషు అమెరికాలో ఆఫ్రికన్ల చరిత్రను చాలా పాఠ్యపుస్తకాలు ఈ ఒక్క వాక్యంతో మొదలుపెడతాయి.

ఆ వాక్యం ఒక సంగతిని దాస్తోంది. వచ్చిన ఓడ వైట్ లయన్. దాని కెప్టెన్ జాన్ కోలిన్ జోప్ ఇంగ్లీషువాడు. డచ్చిది అతని దగ్గరున్న కాగితం మాత్రమే. నెదర్లాండ్స్‌లోని జీలాండ్ రాష్ట్రపు రేవు వ్లిసింగెన్ నుంచి వచ్చిన మార్క్ పత్రం అది. ఇంగ్లండ్ రాజు జేమ్స్ 1604లోనే స్పెయిన్‌తో సంధి చేసుకున్నాడు కాబట్టి ఇంగ్లీషు కాగితంతో స్పెయిన్ ఓడల్ని కొట్టే వీల్లేదు. కొట్టాలనుకున్న ఇంగ్లీషు కెప్టెన్లు పక్క దేశాల కాగితాలు సంపాదించుకునేవాళ్లు. నిజానికి డచ్చివాళ్లకు కూడా 1609 నుంచి 1621 దాకా స్పెయిన్‌తో పన్నెండేళ్ల సంధి ఉంది. ఆ సంధి అట్లాంటిక్ అవతల ఎంతవరకు వర్తిస్తుందన్నది మాత్రం ఎవరి వీలును బట్టి వాళ్లు చెప్పుకునేవాళ్లు.

రెండో ఓడ ట్రెజరర్ మూడు నాలుగు రోజుల తర్వాత వచ్చింది. దీని చరిత్ర తెలిసినప్పటి నుంచీ నాకు ఆ పేరు వినగానే ఒళ్లు మండుతుంది. 1613లో కెప్టెన్ శామ్యూల్ ఆర్గల్ పోకాహోంటాస్‌ను మోసంతో ఎక్కించుకుని బందీగా తీసుకుపోయింది ఈ ఓడలోనే. ఆరేళ్లు తిరిగేసరికి అదే ఓడ డేనియల్ ఎల్‌ఫ్రిత్ అనే కెప్టెన్ కింద అంగోలా జనాన్ని ఎత్తుకొచ్చింది. అసలు యజమాని రాబర్ట్ రిచ్, అప్పటికి కొత్తగా వార్విక్ ఎర్ల్ అయిన గొప్ప ప్రభువు. ఎల్‌ఫ్రిత్ దగ్గరున్న పత్రం ఇటలీ వైపున్న సవాయ్ రాజ్యపు డ్యూక్ ఇచ్చింది. ఆ డ్యూక్ అప్పటికే స్పెయిన్‌తో రాజీ పడ్డాడు. అంటే ఆ పత్రానికి కాలం చెల్లింది. జోప్ జేబులోని కాగితం ఎలాగో నడిచింది, ఎల్‌ఫ్రిత్ జేబులోనిది చెల్లలేదు.

అప్పుడు వర్జీనియాలో ఎంత టెన్షన్ పట్టుకుందో చూడండి. అంతకు ఏడాది కిందటే, 1618 అక్టోబరులో, పేరుమోసిన ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ మనుషులు గయానాలో స్పెయిన్ ఊరి మీద దాడి చేసిన వ్యవహారంలోనే అంతటివాడి తల తీయించాడు జేమ్స్ రాజు. స్పెయిన్‌ను కెలికితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ట్రెజరర్‌కు తిండి సరుకులు ఇవ్వడానికి అక్కడి జనం నిరాకరించారు. ఆ ఓడను కలవడానికి రాల్ఫ్ వాళ్లు వెళ్లేసరికే అది లంగరెత్తి బెర్ముడా దారి పట్టింది. లండన్‌లో వార్విక్ వర్గం, శాండిస్ వర్గం ఈ ఓడ గురించి ఏళ్ల తరబడి కొట్టుకున్నాయి. అది చట్టబద్ధమైన వేటా, పైరసీనా? బాధ్యత అంతకుముందు వర్జీనియాను పాలించిన ఆర్గల్‌దా, వార్విక్‌దా? బెర్ముడాలో దింపిన 29 మంది ఎవరికి చెందాలి? ఉత్తరాలు, ఫిర్యాదులు, సాక్ష్యాలు గుట్టలుగా పోగయ్యాయి.

ఈ రగడ గురించి దొరికినంత చదివాను. ఒక్క మనిషి కూడా ఆ 29 మందిని వదిలేద్దామని అనలేదు. ట్రెజరర్ చేసింది పైరసీయే అని గట్టిగా వాదించినవాళ్లు సైతం, అయితే వీళ్లు స్వేచ్ఛగా పోవాలి కదా అనే మాట దాకా రాలేదు. దొంగిలించిన పశువును సంతలో కొన్నవాడు రసీదు చూపిస్తే, గొడవ రసీదు చుట్టూ తిరుగుతుంది, పశువును ఎవరూ అడగరు. ఇక్కడ పశువు చోట మనుషులున్నారు. పత్రం చెల్లితే వాళ్లు బానిసలే. చెల్లకపోతే కూడా బానిసలే, కాకపోతే వేరొకరికి. ఈ చట్టం మీద నాకున్న అభ్యంతరమంతా ఇక్కడే ఉంది.

పాయింట్ కంఫర్ట్ ఇప్పుడు వర్జీనియాలోని హాంప్టన్ నగరంలో భాగం. అక్కడ మన్రో కోట ఉంది. బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఆ తీరానికి వెళ్లాను. అదే చోట 1861 మేలో ఇదే చట్టం తలకిందులైంది. అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం మొదలైన కొత్తలో ఫ్రాంక్ బేకర్, షెపర్డ్ మలరీ, జేమ్స్ టౌన్‌సెండ్ అనే ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవ వేసుకుని ఆ కోటకు చేరారు. మా సొత్తు మాకివ్వండి అని దక్షిణాది సైన్యం మనిషిని పంపింది. ఉత్తరాది సైన్యం తరఫున కోట అధిపతి అయిన బెంజమిన్ బట్లర్ సైన్యంలోకి రాకముందు లాయరు. మీరు వీళ్లను సొత్తంటున్నారు, శత్రువు యుద్ధానికి వాడే సొత్తును జప్తు చేసే హక్కు నాకుంది, తిరిగివ్వను అన్నాడు. ఆ వాదన విన్న తర్వాత వేల మంది ఆ కోటకు పరుగెత్తుకొచ్చారు. దీన్ని చట్టం సాధించిన విజయంగా చెప్పడం నాకు నచ్చదు. బట్లర్ కూడా వాళ్లను మనుషులని ఒప్పుకుని ఆపలేదు, సొత్తుగానే ఆపాడు. ఆ వాదన చేసే అవకాశం అతనికి ఇచ్చింది చీకట్లో తెడ్లు వేసిన ఆ ముగ్గురే.

ఇదంతా చెప్పినప్పుడల్లా నాకు ఎదురయ్యే జవాబు ఒకటుంది. "ఆ రోజుల్లో అందరూ అలాగే ఆలోచించేవాళ్లు, ఇప్పటి కొలతలతో అప్పటివాళ్లను కొలవకూడదు." చదువుకున్నవాళ్లు, మంచివాళ్లు కూడా ఈ మాట అంటారు. వినడానికి వినయంగా ఉంటుంది. కానీ ఇది నిజం కాదు. ఇది నిజం కాదనడానికి సాక్ష్యం ఈ ప్రైవేటీర్ల రేవుల్లోనే ఉంది.

1596లో ఒక డచ్చి ఓడ పోర్చుగీసు బానిస ఓడను పట్టుకుని జీలాండ్ రాష్ట్ర రాజధాని మిడెల్‌బర్గ్‌కు తెచ్చింది. అందులో సుమారు 130 మంది ఆఫ్రికన్లున్నారు. ఆ ఊరి మేయర్ టెన్ హాఫ్ రాష్ట్ర సభలో లేచి, వీళ్లు బాప్టిజం పొందిన క్రైస్తవులు, వీళ్లను ఎవరూ బానిసలుగా ఉంచుకోకూడదు, అమ్మకూడదు, స్వేచ్ఛగా వదలాలి అన్నాడు. సభ ఒప్పుకుంది. వాళ్లకు స్వేచ్ఛ ఇవ్వాలని తీర్మానించింది. బానిసల కోసం ఓడలు పంపే కాలంలో, ఓడలు పట్టుకునే రేవులో, ఆ ప్రశ్న లేచింది, దానికి సరైన జవాబు కూడా వచ్చింది.

తర్వాత జరిగింది చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఆ బానిస ఓడను పట్టుకున్న డచ్చి ఓడ తాలూకు వ్యాపారి పీటర్ వాన్ డెర్ హాహెన్ ఊరుకోలేదు. దేశపు పెద్ద సభ స్టేట్స్ జనరల్‌కు వెళ్లి, నా సొత్తు నాకు తీసుకెళ్లే అనుమతివ్వండి అని అడిగాడు. అడిగి అడిగి చివరికి నీకు తోచినట్టు చేసుకో అనే అర్థం వచ్చే జవాబు రాబట్టాడు. ఆ జనంలో కొందరు మిడెల్‌బర్గ్‌లోనే చనిపోయారు. మిగిలినవాళ్లలో ఎక్కువమందిని మళ్లీ ఓడెక్కించి తీసుకుపోయారనే చరిత్రకారులు నమ్ముతున్నారు. వ్లిసింగెన్ మిడెల్‌బర్గ్‌కు కూతవేటు దూరం, రెండూ అప్పట్లో ఒకే ద్వీపం మీదుండేవి. వైట్ లయన్ కాగితం వచ్చింది ఆ వ్లిసింగెన్ నుంచే, ఈ తీర్మానం జరిగిన 23 ఏళ్లకు. అంటే తెలియక కాదు. తెలిసి, ఒకసారి సరిగ్గా తేల్చి, ఆ తర్వాత పక్కకు నెట్టారు.

క్రైస్తవులు కాబట్టి వదలాలి అన్న వాదనలోనూ లోపం ఉంది, కాదనను. బాప్టిజం లేకపోతే ఉంచుకోవచ్చా అనే ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ సందులోంచే తర్వాతి తరాలు దూరాయి. అయినా 1630ల్లో ఆ సందును కూడా మూసేయాలని చూసిన మనిషి ఒకడున్నాడు. కరీబియన్‌లోని ప్రావిడెన్స్ ద్వీపంలో వార్విక్ ఎర్ల్, ప్యూరిటన్లనే కఠిన క్రైస్తవ వర్గానికి చెందిన అతని మిత్రులు కలిసి ఒక వలస పెట్టారు. అక్కడ శామ్యూల్ రిష్‌వర్త్ అనే వలసదారు బానిసత్వం తప్పని బహిరంగంగా చెప్పాడు. పారిపోయే బానిసలకు అండగా నిలిచాడు. 1635లో లండన్ నుంచి కంపెనీ రాసిన ఉత్తరం అతన్ని మందలించింది. క్రైస్తవం తెలియని వాళ్లను క్రైస్తవులు బానిసలుగా ఉంచుకోకూడదన్నది ఆధారం లేని అభిప్రాయం అని అందులో రాశారు. మూడేళ్లకే, 1638 మేలో, ఆ ద్వీపంలో బానిసలు తిరగబడ్డారు. ఇంగ్లీషు వలసల్లో మనకు తెలిసిన తొలి బానిస తిరుగుబాటు అదే. "ఆ రోజుల్లో అందరూ" అనే మాటలో టెన్ హాఫ్ లేడు, రిష్‌వర్త్ లేడు. అన్నిటికన్నా ముఖ్యంగా బానిసలు లేరు. వాళ్లు కూడా ఆ రోజుల్లోనే బతికారు.

ప్రావిడెన్స్ ద్వీపంలో వార్విక్ వాళ్లు నౌకా వ్యవహారాలు అప్పగించింది ఎవరికనుకున్నారు? ట్రెజరర్ కెప్టెన్ ఎల్‌ఫ్రిత్‌కే. పదేళ్ల కిందట చెల్లని కాగితంతో తిరిగాడని రచ్చకెక్కిన మనిషి ఇప్పుడు వలసకు అడ్మిరల్. స్పెయిన్ ఓడల వేట ఆ ద్వీపానికి ఒక వృత్తిగా మారింది. 1641లో స్పెయిన్ సైన్యం ఆ ద్వీపాన్ని పట్టుకుంది. అక్కడ దొరికిన 381 మంది బానిసల్ని వాళ్లు కూడా జప్తు సొత్తుగానే తీసుకుపోయారు. చేతులు మరోసారి మారాయి, అంతే.

డచ్చివాళ్ల కథలో ఈ మెట్లు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. 1621లో వెస్ట్ ఇండియా కంపెనీ పెట్టింది ప్రధానంగా స్పెయిన్, పోర్చుగల్ ఓడల్ని వేటాడడానికే. 1628లో పీట్ హైన్ క్యూబాలోని మతాంజాస్ దగ్గర స్పెయిన్ వెండి ఓడల దండును పట్టుకుంటే దేశమంతా పండగ చేసుకుంది. దారిలో దొరికిన పోర్చుగీసు బానిస ఓడల్లోని జనాన్ని కంపెనీ కెప్టెన్లు దొరికిన రేవులో అమ్ముకునేవాళ్లు. బానిస వ్యాపారం చేయాలా వద్దా అని మొదట్లో కంపెనీలో కొంత సంశయం ఉండేది. 1630లో బ్రెజిల్‌లోని పెర్నాంబుకో చేజిక్కి, చెరకు తోటలు చేతికొచ్చాక ఆ సంశయం ఎగిరిపోయింది. 1637లో గినీ తీరంలోని ఎల్మీనా కోట పట్టుకున్నారు. 1641 ఆగస్టులో లువాండాను పట్టుకున్నారు, సావో జోవావ్ బప్తిస్తా బయల్దేరిన ఆ రేవునే. ఆ దాడి నడిపిన కొర్నెలిస్ యోల్, కొయ్యకాలుతో కరీబియన్‌లో ఏళ్ల తరబడి స్పెయిన్ ఓడల్ని వేటాడిన ప్రైవేటీర్. వాడు అప్పటిదాకా ఓడల్ని పట్టుకున్నాడు, ఇప్పుడు ఓడలు నిండే రేవునే పట్టుకున్నాడు. 1648లో పోర్చుగీసులు లువాండాను తిరిగి తీసుకున్నారు. ఈ ఏడేళ్లలో రేవు మీది జెండా రెండుసార్లు మారింది. మనుషుల్ని ఎక్కించడం మాత్రం ఆగలేదు.

ఇంగ్లండ్‌లో సొంత కంపెనీ వచ్చాక వేట లోపలికి తిరిగింది. 1672లో ఏర్పడ్డ రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి గుత్తాధిపత్యం ఉంది. అనుమతి లేకుండా ఆఫ్రికాకు వెళ్లే ఇంగ్లీషు ఓడల్ని జప్తు చేసే అధికారం కూడా ఉంది. బయటి వ్యాపారులు దీన్ని ఎదిరించారు. పార్లమెంటు ఒప్పుకోకుండా ఇంగ్లీషువాడి ఓడను లాక్కోవడం ఇంగ్లీషువాడి స్వేచ్ఛను తొక్కేయడమే అని వాదించి, 1688 విప్లవం తర్వాత కోర్టుల్లో నెగ్గారు. 1698లో పార్లమెంటు పది శాతం సుంకం కట్టి ఎవరైనా ఆ వ్యాపారం చేసుకోవచ్చని చట్టం చేసింది. బానిసల్ని తెచ్చే ఓడలు ఇంకా పెరిగాయి. అంతకుముందే 1677లో ఒక దావాలో లండన్ న్యాయమూర్తులు, వ్యాపారుల మధ్య అమ్మకం కొనుగోలు జరుగుతోంది కాబట్టి, పైగా అన్యమతస్థులు కాబట్టి, నీగ్రోలను సొత్తుగా లెక్కించి దావా వేయొచ్చన్నారు. వ్యాపారుల స్వేచ్ఛ కోసం అంత గట్టిగా మాట్లాడిన గొంతులు ఆ తీర్పు గురించి ఏమన్నాయని వెతుకుతాం. అక్కడ ఏమీ ఉండదు.

మన తీరానికీ ఈ కథకూ ఏ సంబంధమూ లేదనుకునేవాళ్ల కోసం ఒక మాట. మచిలీపట్నానికి డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చింది బట్టల కోసం. కోరమాండల్ నేత బట్టలు లండన్, ఆమ్‌స్టర్‌డామ్ గిడ్డంగులు చేరి, అక్కడి నుంచి పశ్చిమాఫ్రికా వెళ్లి, మనుషుల్ని కొనే సరుకుల్లో ఒకటిగా మారాయి. వాటిలో ఒక రకానికి గినీ బట్ట అనే పేరే పడింది. మగ్గం మీద కూర్చున్న నేతగాడికి అది ఎక్కడికి పోతుందో తెలిసే వీల్లేదు. అదే శతాబ్దంలో కరువు వచ్చిన ఏడల్లా డచ్చివాళ్లు పులికాట్ మీదుగా ఈ తీరపు జనాన్ని కూడా వేలల్లో కొని బటావియా (ఇప్పటి జకార్తా) వైపు ఓడలెక్కించారు. అట్లాంటిక్ బాధ మనకు పూర్తిగా పరాయి బాధ కాదు.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం ఒకటి మిగిలింది. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో మొత్తం ఓడెక్కినవాళ్లు కోటీ ఇరవై ఐదు లక్షల మంది అని లెక్క కట్టారు. ప్రైవేటీర్ల చేతిలో పడ్డవాళ్లు అందులో చాలా చిన్న భాగం. ఇంత చిన్న భాగానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు అని ఒక మిత్రుడు అడిగాడు. సంఖ్య విషయంలో అతను చెప్పింది నిజమే. అయితే వర్జీనియాకు వచ్చిన తొలి ఆఫ్రికన్లలో చాలామంది ఈ దారినే వచ్చారు. బెర్ముడా, ప్రావిడెన్స్, న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లలో కూడా తొలినాళ్ల కథ ఇదే. ఆఫ్రికా తీరంలో ఒక్క కోట లేని దేశానికి, ఒక్క బ్రోకరుతో పరిచయం లేని వ్యాపారికి, జప్తు బానిసల్ని చవగ్గా చేతికందించింది. అలా వచ్చిన తొలి కొద్దిమందిని ఏం చేయాలనే దాని మీదే ఆయా వలసల అలవాట్లు, ఆ తర్వాత చట్టాలు పేరుకున్నాయి.

న్యూ ఆమ్‌స్టర్‌డామ్, అంటే ఇప్పటి న్యూయార్క్, సంగతి చూడండి. 1620ల్లో కంపెనీ అక్కడికి తెచ్చిన ఆఫ్రికన్ల పేర్లు పావులో ద అంగోలా, సిమోన్ కాంగో, ఆంథొనీ పోర్చుగీస్. పోర్చుగీసు ఓడల మీద నుంచి జప్తు అయినవాళ్లని ఆ పేర్లే చెబుతాయి. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లు కంపెనీకి చాకిరీ చేశాక వాళ్లలో పదకొండు మంది తమకు విడుదల కావాలని అడిగారు. 1644 ఫిబ్రవరిలో డైరెక్టర్ విలియం కీఫ్ట్ వాళ్లకూ వాళ్ల భార్యలకూ విడుదల ఇచ్చాడు. భూమి ఇచ్చాడు. ఏటా ధాన్యమూ, బలిసిన పందీ కప్పం కట్టాలన్నాడు. పిల్లలు మాత్రం, అప్పటికే పుట్టినవాళ్లూ ఇక పుట్టబోయేవాళ్లూ, కంపెనీ బానిసలుగానే ఉంటారని ఆ పత్రంలోనే రాశాడు.

ఆ ఊళ్లోని డచ్చి వలసదారుల్లో కొందరికి ఇది మింగుడుపడలేదు. 1649లో వాళ్లు హాలండ్‌కు పంపిన ఫిర్యాదులో, స్వేచ్ఛగల క్రైస్తవ తల్లికి పుట్టిన బిడ్డ బానిస ఎలా అవుతాడో, ఇది ఏ జాతి చట్టానికైనా విరుద్ధం కదా అని నిలదీశారు. కంపెనీ తరఫున సమాధానం వెళ్లింది. స్వేచ్ఛగల తల్లికి పుట్టిన బిడ్డ బానిస ఎలా అవుతాడన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు. అలా చాకిరీలో ఉన్న పిల్లలు ముగ్గురికి మించి లేరని మాత్రం ఉంది.